మెట్ల డాక్టరమ్మ

కోడలు తన కొత్త క్లినిక్కుకి బోర్డు తగిలించిన పొద్దున మాస్టారు కింద మెట్ల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పైనుంచి ఆమె కేకేసింది.

"రండి మామయ్యా! గదంతా ఎండే ఎండ. కిటికీలోంచి వీధి చివరిదాకా కనిపిస్తోంది."

"నువ్వు కానీ అమ్మా. వచ్చేవాళ్లకి దారి చూపించడానికి కింద ఒకళ్లుండాలిగా!"

చూపించాల్సిన దారేమీ లేదు. వీధిలోంచి లోపలికి అడుగు పెడితే ఎదురుగా నిలబడి పలకరించేవి మెట్లే. కాస్త పైకి పోయి, ఒక మలుపు తిరిగి, మళ్లీ పైకి పోతాయి. అసలు సంగతేమిటంటే, మాస్టారి కుడి మోకాలు చాన్నాళ్లుగా మొరాయిస్తోంది.

ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యారు. బరువు ఎక్కడ పుట్టి ఎటు పడుతుందో నల్లబల్ల మీద బాణం గుర్తులు గీసి ఎందరికో నేర్పిన మనిషి. తన బరువంతా ఏ మోకాలి మీద పడుతోందో ఆయనకి బాగా తెలుసు. కోడలికి మాత్రం చెప్పలేదు. ఆ పిల్ల ఫిజియోథెరపిస్టు. పెద్దాసుపత్రిలో పొద్దస్తమానం ఊరందరి మోకాళ్లూ నడుములూ పట్టి పట్టి, ఇంటికొచ్చి వేళ్లు సాగదీసుకుంటూ కుర్చీలో కూలబడేది. ఇంట్లో కూడా ఒక మోకాలు తన కోసం కాచుకుని కూర్చుంటే ఎలా? పైగా కోడలి చేత కాలు పట్టించుకోవడమన్న ఊహకే ఆయన చెవులు వేడెక్కేవి. భార్య బతికున్నప్పుడైతే ఈ గుట్టు ఒక పూట కూడా నిలిచేది కాదు. ఆయన నడిచే చప్పుడు విని వంటింట్లోంచే ఎక్కడ నొప్పో చెప్పేసేది. ఆవిడ పోయాక తన నడకని చెవిన పెట్టేవాళ్లు లేరని మాస్టారు అనుకున్నారు. అదీ ఒకందుకు మంచిదేనని సర్దుకున్నారు.

కోడలు పెద్దాసుపత్రి మానేయడం వెనక గొడవలేం లేవు. అక్కడ మనిషిని పడుకోబెట్టి యంత్రం తగిలించాలి, గంట మోగగానే లేపి ఇంకొకరిని పిలవాలి. "వాళ్లు ఏ కాలు ముందు వేస్తున్నారో చూసే తీరిక కూడా లేదు మామయ్యా. నేను నేర్చుకున్నది గంట వినడం కాదు కదా," అనేది. పెద్ద డాక్టరు మంచాయనేనని కూడా అనేది. రాజీనామా తీసుకుంటూ, "నెలాఖరుదాకా నీ కుర్చీ ఎవరికీ ఇవ్వను. సొంత దుకాణం సరదా తీరాక వచ్చెయ్," అన్నాడట. ఆ చివరి ముక్క కోడలికి గుచ్చుకుంది. ఇంట్లో నవ్వుతూనే చెప్పింది కానీ, ఆ రాత్రి అన్నం కెలికి వదిలేసింది.

గది వెతుక్కున్నది తనే. వెలుతురు చూసింది, చెక్క నేల చూసింది, నిలువుటద్దం పట్టే గోడ చూసింది, వైద్యం చేసే బల్లని తిప్పడానికి తలుపు వెడల్పు చూసింది. అన్నీ చూసి మెట్ల సంగతి మరిచిపోయింది. ఆమెది ఒక్కచోట నిలవని కాలు. రెండేసి మెట్లు ఒక్క అంగలో ఎక్కే మనిషికి, అక్కడ మెట్లనేవి ఉన్నాయని పాదాలకి తెలిస్తే కదా!

ఆ సంగతి ముందుగా కనిపెట్టింది అబ్బాయి. మాస్టారి కొడుకు లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. డ్యూటీ దిగి పనిముట్ల సంచీతో వచ్చినవాడు మెట్ల ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

"నీ దగ్గరికొచ్చేవాళ్లకి ఏం జబ్బులుంటాయి?" అని భార్యని అడిగాడు.

"మోకాళ్లు, తుంటి, నడుము, పక్షవాతం వచ్చి కోలుకుంటున్నవాళ్లు..."

"మరి ఈ మెట్లు ఎవరెక్కుతారు? వాళ్ల చుట్టాలా?"

కోడలు నాలుక కరుచుకుంది. అప్పటికే గది ఖాయమైపోయింది, బల్ల పైకి చేరిపోయింది, అద్దం బిగించేశారు.

"లిఫ్టు పెట్టించవయ్యా మరి, ఎందుకున్నావ్?" అని పక్కనుంచి ఒక గొంతు వినిపించింది. మెట్ల కింద గదిలో కుట్టు మిషను పెట్టుకున్న దర్జీ ఆవిడది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా స్పష్టంగా మాట్లాడగలదు.

అబ్బాయి టేపు తీసి కొలిచాడు. "పెట్టొచ్చండీ. సరిగ్గా మీ మిషను నెత్తి మీదుగా వెళ్తుంది."

"వద్దులే బాబూ, నా నెత్తి మీద ఇప్పటికే అందరూ ఉన్నారు." ఆవిడ సూదులు తీసి నవ్వింది. "మొగుడేమో లిఫ్టుల మెకానిక్కు, పెళ్లామేమో మెట్ల డాక్టరమ్మ! భలే జంట కుదిరిందమ్మా."

ఆ పేరు రెండు రోజుల్లో వీధంతా పాకింది. 'నేను డాక్టర్ని కాదండీ' అని కోడలు మొత్తుకున్నా ఎవరూ పట్టించుకోలేదు.

జనం రాకపోలేదు. వచ్చారు, మెట్ల దాకా వచ్చారు. తలెత్తి, ఆకాశంలో పోయే విమానాన్ని చూసినట్టు పైకి చూశారు. "పైనా?" అన్నారు. "పైనేనండీ," అన్నారు మాస్టారు, ఆ కట్టడం తనదే అయినంత సిగ్గుతో. కొందరు నాలుగడుగులు ఎక్కి, రెయిలింగు పట్టుకుని ఆయాసపడి, కిందికి దిగిపోయారు. ఒక ముసలావిడ ఎక్కనే లేదు. మాస్టారి కుర్చీలో కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి, "బోర్డు మీద అక్షరాలు చక్కగా ఉన్నాయి నాయనా," అని వెళ్లిపోయింది. ఆ రోజుకి అదొక్కటే లాభం. మాస్టారు దాన్ని సాయంత్రం కోడలికి జాగ్రత్తగా అందించారు.

ఇంకో చిక్కు కూడా ఉందని ఆయనకి నెమ్మదిగా తెలిసింది. "మీరు ఆవిడకేమవుతారు?" అని ఒకాయన అడిగాడు. "మామగార్ని," అని చెబుతూ మాస్టారు మర్యాదకి లేవబోయారు. మోకాలు పట్టేసి, కుర్చీ చేతులు పట్టుకుని, మూలిగి, లేచారు. ఆ వచ్చినాయన మాస్టారి మోకాలినీ పైనున్న బోర్డునీ మార్చి మార్చి చూసి, ఏదో పని గుర్తొచ్చినట్టు జారుకున్నాడు. మాస్టారికి తల తీసేసినట్టయింది. దారి చూపించడానికి కూర్చున్నవాడు దారికి అడ్డంగా కూర్చున్నాడన్నమాట!

అసలు దెబ్బ డ్రైవరుగారు కొట్టాడు. జీవితమంతా బస్సు నడిపి, క్లచ్చు తొక్కి తొక్కి ఎడమ మోకాలు అరగదీసుకున్న మనిషి. ఆసామీ భారీ, గొంతు అంతకన్నా భారీ. మెట్ల ముందు కర్ర ఆనించి, కోడలు దిగి వచ్చేదాకా ఆగి అన్నాడు.

"అమ్మా, కోప్పడకు. ఒక్క మాట అడుగుతా. ఆ మెట్లెక్కి నీ గదిలోకి రాగలిగినవాడికి, ఇంక నీతో పనేముంది?"

దర్జీ ఆవిడ మిషను ఆగిపోయింది. కోడలు తల తిప్పి మెట్ల వైపు చూసింది. డ్రైవరుగారు నొచ్చుకున్నాడు. "తప్పుగా అనుకోకు తల్లీ," అని గొణిగి, కర్ర టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే పెద్ద డాక్టరు ఫోను చేశాడు. కోడలు కింద మెట్టు మీద కూర్చుని మాట్లాడుతుంటే, మాస్టారికి ఇటువైపు మాటలే వినిపించాయి. "బాగానే ఉందండీ... లేదండీ, ఇంకా అంతగా... నెలాఖరుకి చెబుతాను సార్. మీరు అలా ఉంచినందుకు చాలా..." ఫోను ఒళ్లో పెట్టుకుని ఆమె గోడకి తల ఆనించింది.

దర్జీ ఆవిడ అడగకుండానే రెండు గ్లాసుల్లో టీ పంచి, ఒకటి మాస్టారికి, ఒకటి ఆమెకి ఇచ్చి, కిమ్మనకుండా లోపలికి వెళ్లింది. అంత నోరున్న మనిషి మాట్లాడకుండా వెళ్లడం ఎంత పెద్ద దయో మాస్టారికి అర్థమైంది.

"ఆయన అన్నది నిజమే మామయ్యా," అంది కోడలు. "ఎక్కగలిగినవాడికి నేనక్కర్లేదు. ఎక్కలేనివాడికి నేను అందను. కిటికీలు చూశాను, అద్దం చూశాను. నా దగ్గరికి వచ్చే కాలుని చూడలేదు. కాళ్ల గురించి చదువుకున్నదాన్ని నేను! ఫోను చేసి వస్తానని చెప్పేస్తాను."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. ధైర్యం చెప్పే మాటలన్నీ ఆ మెట్ల కింద చప్పగా వినిపిస్తాయని తెలుసు. ఆయన కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. మూలుగు వస్తే రానిచ్చారు. రెయిలింగు పట్టుకున్నారు.

"నన్ను ఎక్కించు," అన్నారు.

"ఏంటి మామయ్యా?"

"కుడి మోకాలు. చాలా రోజులైంది. నీ గది నేనింకా చూడలేదమ్మా. నన్ను పైదాకా ఎక్కించి, ఆ తర్వాత ఎవరికి కావాలంటే వాళ్లకి ఫోను చేసుకో."

ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నారు. కానీ కోడలి కళ్లలో నీళ్లతో పాటు నవ్వు కూడా వచ్చింది.

"మీరు నడిచే చప్పుడు నాకు తెలీదనుకున్నారా? పొద్దున్నే బాత్రూముకి వెళ్లేటప్పుడు కుడి చెప్పు ఈడుస్తారు. మీరే చెబుతారని కాచుకుని ఉన్నాను. అడిగితే, ఏం లేదమ్మా అని ఇంకా దాచేస్తారని."

తన నడకని వినేవాళ్లు ఇంట్లో ఉన్నారు. ఇన్నాళ్లూ ఉన్నారు.

"సరే, ఎక్కండి. చూస్తాను," అంది ఆమె, కళ్లు తుడుచుకుని.

ఆయన అలవాటుగా కుడికాలు మెట్టు మీద పెట్టారు.

"ఆగండి! అదే తప్పు. నొప్పి ఉన్న కాలితో ఒంటి బరువంతా పైకి లాగుతున్నారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు. దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. మీకు బాణం గుర్తులు గీసి చెప్పాలా, మాస్టారూ?"

"గీయక్కర్లేదు," అన్నారు మాస్టారు చిన్నబుచ్చుకుని. ఎడమకాలు పెట్టి లేచారు. మోకాలు ఒక్కసారి గుర్రుమని, ఊరుకుంది. ఇంకో మెట్టు. ఆపైన తొడ వణికింది.

"చాలు, దిగండి. నొప్పి కాలు ముందు వేయండి. మీ తొడ కండరం నిద్రపోతోంది మామయ్యా, మోకాలు దాని పని కూడా చేస్తోంది. అక్కడే, ఆ మెట్టు మీదే కూర్చోండి." ఆమె దర్జీ ఆవిడ దగ్గర్నుంచి గుడ్డ తీసుకుని చుట్ట చుట్టి ఆయన మోకాలి కింద పెట్టింది. "దీన్ని కిందికి అదమండి. ఇంకా. ఇంకా! పట్టి ఉంచండి." ఆమె అరచెయ్యి ఆయన తొడ మీద, బరువు చూస్తున్నట్టు, ఆనింది. చెవులు వేడెక్కుతాయనుకున్న మాస్టారికి అలాంటిదేమీ జరగలేదు. అది పని తెలిసిన చెయ్యి, అంతే.

"ఇదేదో నాకూ చెప్పరాదూ?" అంది దర్జీ ఆవిడ గుమ్మంలోంచి. "తొక్కి తొక్కి నా మడమలు..."

కోడలు తల తిప్పి ఆవిడని చూసింది. కింద మెట్టుని చూసింది. పైన మలుపుని చూసింది. ఎంతో సేపు చూసింది.

"మామయ్యా, డ్రైవరుగారి ఇల్లు మీకు తెలుసా?"

"తెలుసు."

"మీ అబ్బాయిని పంపుదాం. ఆయన అడిగినదానికి జవాబు దొరికింది. ఎక్కగలిగినవాడికి నాతో పనిలేదు. కరెక్టే! అందుకే, ఎక్కగలిగేదాకా నాతో పని. గది వైద్యానికి కాదు. గది గమ్యం."

మర్నాడు బోర్డు కింద ఇంకో చిన్న బోర్డు వచ్చింది. అందులో ఆమె తనే రాసింది: 'వైద్యం ఇక్కడే, కింద నుంచే మొదలు.' అబ్బాయి గోడవైపు రెండో రెయిలింగు బిగించాడు, మెట్ల అంచులకి జారని పట్టీలు అంటించాడు. "లిఫ్టులు బాగుచేసేవాడిని, నా చేత్తో మెట్లకి సేవ చేయించావు కదే," అని విసుక్కుంటూనే రెయిలింగుని మూడు సార్లు ఊపి చూసుకున్నాడు. బల్ల కిందికి దిగలేదు కానీ, దర్జీ ఆవిడ తన గదిలో సగం ఖాళీ చేసి పరుపు పరిచి, మధ్యలో తెర కుట్టి ఇచ్చింది. "అద్దెకి బదులు నా మడమలు చూడు," అంది.

డ్రైవరుగారు అనుమానంగానే వచ్చాడు. "మెట్లే వైద్యమా? ఇదేం చోద్యం?"

"కూర్చుని, చేతులు వాడకుండా లేవండి," అంది కోడలు.

లేవలేకపోయాడు. ఎదుట మాస్టారు తాపీగా లేచి చూపించారు. మొన్నటిదాకా ఆయనకీ రాలేదని ఎవరూ చెప్పలేదు. డ్రైవరుగారికి అరికాలి మంట నెత్తికెక్కింది. "ఏంటి మాస్టారూ, నాకంటే పెద్దవారు కదా మీరు?" అని మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ ప్రయత్నించాడు, చొక్కా తడిసేదాకా వదల్లేదు.

గోడ మీద గీతలు మొదలుపెట్టింది ఎవరో మాస్టారికి గుర్తులేదు. దర్జీ ఆవిడ గుడ్డ మీద గీసే సుద్దతోనే మొదలైంది. ఎవరు నొప్పి లేకుండా ఏ మెట్టుదాకా వెళ్తే, ఆ మెట్టు పక్కన గోడకి వాళ్ల గీత. పక్కన 'మాస్టారు', 'డ్రైవరు', 'మడమలు' అని పేర్లు. బోర్డు అక్షరాలు మెచ్చుకున్న ముసలావిడ కూడా తిరిగి వచ్చింది. ఆవిడ గీత పక్కన 'అవ్వ' అని రాశారు. గీత జరిగిన రోజు ఆవిడ గోడ దగ్గర నిలబడి దాన్ని వేలితో తడిమి, పెళ్లిఫొటో చూసుకున్నట్టు మురిసిపోయేది. పేపరు వేసేవాడు, పాల మనిషి, వీధిలో పోయేవాళ్లు లోపలికి తొంగి చూసి, "డ్రైవరుగారు వెనకబడ్డారే!" అని ఆటపట్టించేవాళ్లు.

"బస్సు స్టార్టవడానికి టైము పడుతుంది బాబూ," అనేవాడాయన. "ఎక్కిందా, ఆగదు."

కోడలు వాళ్లని ఎప్పుడూ తొందరపెట్టలేదు. డ్రైవరుగారు పౌరుషానికి పోయి ఒక మెట్టు ఎక్కువ ఎక్కితే, మొహమాటం లేకుండా గీత చెరిపేసి కిందికి దించేది. "నొప్పి దాచి ఎక్కినది ఎక్కినట్టు కాదు," అని మాస్టారి వైపు ఓరగా చూసేది. మాస్టారు సీలింగు వైపు చూసేవారు.

మలుపు దాటిన రోజు మాస్టారు దర్జీ ఆవిడకి మిఠాయి పొట్లం తెచ్చిచ్చారు. మలుపు నుంచి గది తలుపు కనిపిస్తుంది. తెరిచిన తలుపులోంచి ఎండ పై మెట్ల మీద పడుతుంది. ఇంటికెళ్లి గుడ్డచుట్టని అదుముతూ, ఆ ఎండనే తలచుకునేవారు.

నెలాఖరు రోజు రానే వచ్చింది. ఆ పొద్దున మెట్ల మీద ఖాళీ లేదు. కింద మెట్టు మీద కొత్తగా వచ్చిన దంపతులు, వాళ్ల పైన అవ్వ, మలుపులో డ్రైవరుగారు, ఆయన వెనక చెయ్యి ఆనీ ఆనకుండా పట్టుకుని కోడలు. కుర్చీ మీద ఆమె ఫోను మోగింది. పెద్ద డాక్టరు.

"మామయ్యా, మీరు తీయండి! నాకు చెయ్యి ఖాళీ లేదు."

మాస్టారు ఫోను తీశారు.

"ఆమె మెట్ల మీద ఉందండీ. నేను మామగార్ని."

"నమస్కారమండీ. ఇవాళ చెబుతానంది. కుర్చీ ఎవరికైనా ఇచ్చేయమంటారా?"

మాస్టారు తలెత్తి చూశారు. డ్రైవరుగారు మంచి కాలు పెట్టాడు. లేచాడు. మళ్లీ పెట్టాడు. పైనుంచి ఒక్కసారిగా భారీ గొంతు మోగింది. "ఎక్కేశానోయ్! వీధి చివరిదాకా కనిపిస్తోంది!" మెట్లన్నీ చప్పట్లు కొట్టాయి. దర్జీ ఆవిడ కత్తెర గాల్లో ఆడించింది.

"ఏంటండీ ఆ చప్పుడు?" అన్నాడు పెద్ద డాక్టరు.

"అదే మా జవాబండీ. కుర్చీ ఎవరికైనా ఇచ్చేయండి. ఇక్కడ మెట్టు మెట్టుకీ మనుషులున్నారు."

ఆయన కోప్పడతాడేమోనని మాస్టారు సిద్ధమయ్యారు.

"సంతోషమండీ," అన్నాడు పెద్ద డాక్టరు. తర్వాత గొంతు తగ్గించి, "మా అమ్మకి మోకాలు బాలేదు. నేను చెబితే వినదు. సోమవారం తీసుకొస్తే, కింద మెట్టు మీద కాస్త చోటుంటుందా?"

"జరిగి కూర్చుంటామండీ," అన్నారు మాస్టారు. మంచాయనే అని కోడలు ఎందుకనేదో అప్పుడు తెలిసింది.

ఆ కబురు చెప్పడానికి ఆయన మెట్లెక్కారు. ఎడమకాలు ముందు. అవ్వ పక్కకి జరిగింది. మలుపు వచ్చింది, పోయింది. తన గీత పక్కనుంచి దాటుతున్నప్పుడు గానీ, అంత పైకి వచ్చానని ఆయన గమనించలేదు. రెయిలింగు వదలకుండా, ఎండ పడే మెట్లని ఒక్కొక్కటే ఎక్కి, తలుపు పట్టుకుని నిలబడ్డారు.

గది కోడలు చెప్పినట్టే ఉంది. చెక్క నేల, నిలువుటద్దం, కిటికీ దగ్గర డ్రైవరుగారు వీధిని మొత్తం కొనేసినవాడిలా చూస్తున్నాడు. ఆ కిటికీ పక్కనే ఇంకో కుర్చీ ఉంది, చేతులున్న కుర్చీ. దాని మీద పరిచిన తెల్లటి అల్లిక గుడ్డని మాస్టారు వెంటనే గుర్తుపట్టారు. భార్య చివరగా అల్లినది. ఒక మూల కుట్టు తప్పింది, ఆవిడ విప్పడానికి బద్ధకించింది. అలమారలో ఉందనుకున్నారు.

"బోర్డు పెట్టిన రోజే వేశాను మామయ్యా," అంది కోడలు మెల్లగా. "మీ కుర్చీ."

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుని, ఫోను సంగతి చెప్పారు. ఆమె రెండు చేతుల్తో మొహం కప్పుకుని, తీసి, గట్టిగా నవ్వింది. తర్వాత కుర్చీ ఆయన వైపు జరిపింది.

డ్రైవరుగారు వెనక్కి తిరిగాడు. "ఏం మాస్టారూ, మీరూ నేనూ ఎక్కేశాం. ఇంక ఈ అమ్మాయితో మనకి పనేముంది?"

మాస్టారు కూర్చుని, అల్లిక మీద చెయ్యి వేసి, కిందనుంచి వినిపిస్తున్న సందడిని కాసేపు విన్నారు.

"దిగొద్దూ?" అన్నారు.